కరెంటు కారును ఎవరు ఓడించారు?

(ఒక గ్రంథాలయంలో ఇంజినీరింగ్ విద్యార్థులు, ఊరి పాఠకుల ముందు చేసిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిపెట్టినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్ళకు వినిపిస్తోందా? ఆ మూల ఫ్యాను ఒకటి ఆపేస్తే ఇంకా బాగుంటుంది. థాంక్సండి.

ఒక లెక్కతో మొదలుపెడతాను. 1900లో అమెరికా ప్రభుత్వం జనాభా లెక్కలతో పాటు కార్ఖానాల లెక్కలు కూడా తీసింది. గుర్రం లేకుండా నడిచే బండ్లు ఆ దేశంలో ఎన్ని తయారయ్యాయని చూస్తే మొత్తం 4,192 తేలాయి. అందులో ఆవిరి బండ్లు 1,681. కరెంటు బండ్లు 1,575. పెట్రోలు బండ్లు 936. మళ్ళీ చెప్తున్నాను, పెట్రోలువి 936. మూడింటిలో ఆఖరిది పెట్రోలు.

దానికి ముందటేడు, 1899 ఏప్రిల్ 29న, పారిస్ దగ్గర అషేర్ అనే చోట కమీల్ జెనాట్సీ అనే బెల్జియం దేశస్థుడు తూటా ఆకారపు బండిలో గంటకు 105 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. రోడ్డు మీద బండిలో వంద కిలోమీటర్ల వేగం దాటిన మొదటి మనిషి అతనే. అది బ్యాటరీ బండి. లండన్‌లో, న్యూయార్క్‌లో 1897కే కరెంటు టాక్సీలు తిరుగుతున్నాయి. 1899 మే నెలలో న్యూయార్క్‌లో జేకబ్ జర్మన్ అనే టాక్సీ డ్రైవరును అతివేగంగా నడిపాడని అరెస్టు చేశారు. ఎంత వేగం అనుకుంటున్నారు? గంటకు 12 మైళ్ళు! సైకిలు మీద పోలీసు వెంటపడి పట్టుకున్నాడు. నవ్వకండి, ఆ రోజుల్లో అది వేగమే. అదీ కరెంటు టాక్సీయే.

అంటే 1900లో ఎవరైనా పందెం కాయాల్సి వస్తే కరెంటు బండి మీద కాయడం తెలివితక్కువ పనేమీ కాదు. మరి ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఏమైంది? రోడ్ల నిండా పెట్రోలు బండ్లే. కరెంటు కారు పెద్దింటి ముసలమ్మల షెడ్లలో మిగిలింది. ఎందుకిలా జరిగింది? ఈ సాయంత్రం మాట్లాడుకునేది అదే.

కారణం ఏమై ఉంటుందో మీరే చెప్పండి. ఆ... బ్యాటరీ. ఇంకా? బ్యాటరీ. అందరూ బ్యాటరీ అనే అంటున్నారు. మంచిది. అది అబద్ధం కాదు. కానీ సగం జవాబే. ముందు ఆ సగం చూద్దాం.

అప్పటి బ్యాటరీ మీ ఇంట్లో ఇన్వర్టరు కింద ఉండేదే. అదే సీసం, అదే యాసిడ్. ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టాడు, కమీల్ ఫోర్ 1881లో దాన్ని మెరుగుపరిచాడు. ఇన్వర్టరు బ్యాటరీని ఎత్తి చూసినవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? నడుం గుర్తుందా? అదీ బరువు. ఆ రోజుల్లో కిలో బ్యాటరీలో పట్టేది సుమారు 20 వాట్-అవర్ల శక్తి. కిలో పెట్రోలులో ఉండేది 12,000 దాకా. అయితే పెట్రోలు ఇంజను అందులో చాలా భాగాన్ని వేడిగా, పొగగా తగలేస్తుంది. పదో వంతే చక్రానికి చేరిందనుకోండి, 1,200. అప్పటికీ అరవై రెట్లు తేడా. ఎంత మంచి మోటారు పెట్టినా ఈ తేడా పూడదు.

మరి ఇంత తేడా ఉన్నప్పుడు 1900లో కరెంటు బండి ముందెలా ఉంది? ఇది అడగాలి కదా. బ్యాటరీయే అసలు కారణమైతే మొదటి రోజే ఓడిపోవాలి. ఓడిపోలేదు. ఎందుకంటే ఊళ్ళో తిరిగేవాడికి రోజుకు ఇరవై ముప్పై మైళ్ళు చాలు, అంత దూరం ఆ బండి హాయిగా పోయేది. ఇక అప్పటి పెట్రోలు బండి ఎలా ఉండేదో తెలుసా? ముందు నిలబడి ఇనప హ్యాండిల్ పెట్టి తిప్పాలి. ఇంజను వెనక్కి తన్నిందా, మణికట్టు విరిగేది. గేరు మార్చడమంటే కుస్తీ. కంపు, పొగ, చప్పుడు. కరెంటు బండికి ఇవేవీ లేవు. ఎక్కి కూర్చోవడం, లివరు కదపడం, పోవడం. ఊరి లోపలి పనికి అదే మంచి బండి. ఆ మాట అప్పటివాళ్ళూ అన్నారు, నేనూ అంటాను.

కాబట్టి నా ప్రశ్న కొంచెం వేరు. బండి బాగుందా లేదా అన్నది పక్కన పెట్టండి. ఆ బండిని ఎవరు కొనాలి? ఎవరి కోసం తయారు చేశారు? ఈ ప్రశ్న పట్టుకుని వెళ్తే కథ ఇంకోలా కనిపిస్తుంది.

మొదటి పెద్ద ప్రయత్నం న్యూయార్క్ టాక్సీలది. ఇది చెప్పి తీరాలి, ఎందుకంటే ఈ రోజు మీరు కొత్తదనుకునే చాలా ఆలోచనలు అక్కడ ఉన్నాయి. ఫిలడెల్ఫియాలో హెన్రీ మారిస్, పెడ్రో సాలమ్ అనే ఇద్దరు 1894లో ఎలక్ట్రోబాట్ అని ఒక బండి చేశారు. తర్వాత టాక్సీలు చేసి 1897లో న్యూయార్క్‌లో ఓ డజను దించారు. వాళ్ళు కార్లు అమ్మలేదు, సవారీ అమ్మారు. ఎందుకు? బ్యాటరీని చూసుకోవడం మామూలు మనిషి వల్ల కాదని వాళ్ళకు తెలుసు కనక. నీళ్ళు పోయాలి, ప్లేట్లు చూడాలి, ఛార్జింగ్ ఎక్కువైనా తక్కువైనా చెడుతుంది. అందుకని బండి కంపెనీదే, బ్యాటరీ కంపెనీదే. బండి స్టేషనుకు రాగానే అర టన్ను బరువుండే బ్యాటరీ పెట్టెను హైడ్రాలిక్ యంత్రాలతో బయటికి లాగి, ఛార్జింగ్ నిండినదాన్ని లోపలికి తోసేసేవాళ్ళు. కొన్ని నిమిషాల పని. బ్యాటరీ స్వాపింగ్ అని ఇప్పుడు ఆటోల మీద బోర్డులు చూస్తున్నారే, ఆ పద్ధతి 1890ల్లోనే న్యూయార్క్‌లో నడిచింది.

అయితే ఏం? బాగా నడుస్తున్నదాన్ని నిదానంగా పెంచుకోవాల్సింది. అలా జరగలేదు. బ్యాటరీ వ్యాపారి ఐజాక్ రైస్ ఆ కంపెనీని తీసుకుని ఎలక్ట్రిక్ వెహికల్ కంపెనీ అని పేరు పెట్టాడు. 1899లో విలియం విట్నీ అనే పెద్దమనిషి వచ్చాడు. ఆయన న్యూయార్క్ ట్రాముల మీద డబ్బు చేసుకున్న మనిషి, రాజకీయాల్లో కూడా పెద్ద చెయ్యి. ఆయనతో పాటు వాటాదార్ల డబ్బు వచ్చింది. ఒక్కసారిగా అన్ని నగరాల్లోనూ వేలకు వేల టాక్సీలు అని ప్రకటన. బోస్టన్, షికాగో, ఫిలడెల్ఫియా, ఎక్కడికక్కడ పిల్ల కంపెనీలు. షేర్లు పైకి. టాక్సీలు మాత్రం అంత లేవు.

ఉన్న టాక్సీలకూ దిక్కు లేదు. ఓ డజను బండ్లను మంచి మెకానిక్కులు చూసుకోవడం వేరు, ఊరూరా వందల బండ్లను కొత్త కుర్రాళ్ళ చేతికి ఇవ్వడం వేరు. రాళ్ళు పరిచిన వీధుల్లో కుదుపులకు సీసం ప్లేట్లు రాలిపోయాయి. బండి బరువుకు టైర్లు అరిగిపోయాయి. ఇంతలో కంపెనీ అప్పుల బాగోతం న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక బయటపెట్టింది. మోటారు బండ్ల పత్రిక ఒకటి వీళ్ళను "సీసం టాక్సీల ముఠా" అనే అర్థం వచ్చేలా ఎగతాళి చేసింది. షేర్లు కింద పడ్డాయి. పిల్ల కంపెనీలు ఒకటొకటిగా మూతబడ్డాయి. తల్లి కంపెనీ 1907లో దివాలా తీసింది.

మధ్యలో ఒక తమాషా జరిగింది, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ ఎలక్ట్రిక్ వెహికల్ కంపెనీ 1899లో ఒక పేటెంటు కొన్నది. జార్జ్ సెల్డన్ అనే లాయరుది. దేని మీద పేటెంటో చెప్పండి? పెట్రోలు కారు మీద! కరెంటు టాక్సీల కంపెనీ కాస్తా పెట్రోలు కారు తయారు చేసే ప్రతివాడి దగ్గరా రాయల్టీ వసూలు చేసుకుంటూ బతికింది. చాలామంది కట్టారు. నేను కట్టనన్నవాడు డెట్రాయిట్‌లో ఒకడున్నాడు, హెన్రీ ఫోర్డ్. ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడిచి 1911లో ఫోర్డ్ గెలిచాడు. అప్పటికి టాక్సీల కంపెనీ లేనే లేదు.

దీని వల్ల కలిగిన నష్టం టాక్సీలతో ఆగలేదు. డబ్బున్నవాళ్ళకు కరెంటు బండి అనగానే షేర్ల మోసం గుర్తొచ్చేది. బండి కాకుండా సవారీ అమ్ముదామనే ఆలోచన, బ్యాటరీని నిపుణుల చేతిలో ఉంచుదామనే ఆలోచన, రెండూ మంచివే, రెండూ ఆ చెడ్డపేరు కింద పడి నలిగిపోయాయి. నన్నడిగితే కరెంటు బండికి తగిలిన మొదటి దెబ్బ పెట్రోలుది కాదు, దాన్ని అమ్మినవాళ్ళదే.

సరే, అటు పెట్రోలు వైపు చూద్దాం. కొందరు అంటారు, పెట్రోలు గెలవడానికి కారణం బంకులని. 1900లో బంకులెక్కడివండీ? 1888లో జర్మనీలో బెర్టా బెంజ్ భర్తకు చెప్పకుండా పిల్లలిద్దరినీ ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్ల పైన బండి నడుపుకుంటూ పోయింది. దారిలో ఇంధనం అయిపోతే ఎక్కడ కొన్నది? మందుల షాపులో. మరకలు తుడిచే ద్రావకంగా అమ్మేవాళ్ళు. కాబట్టి పెట్రోలుకు కూడా మొదట్లో ఏ ఏర్పాటూ లేదు.

కానీ దానికి ఒక సుళువుంది. డబ్బాలో పోసి మోసుకుపోవచ్చు. ఇంకోటి, అమెరికా పల్లెపల్లెలో అప్పటికే దీపాలకు కిరోసిన్ అమ్మే కొట్టు ఉంది. నూనెను శుద్ధి చేస్తే కిరోసిన్‌తో పాటు పెట్రోలు ఎలాగూ వస్తుంది, అప్పటిదాకా దాన్ని పెద్దగా అడిగినవాడే లేడు. అదే కొట్టు, అదే బండివాడు, పక్కన ఇంకో డబ్బా. అయిపోయింది. పైగా 1901 జనవరిలో టెక్సస్‌లో స్పిండిల్‌టాప్ దగ్గర బావి చిమ్మింది, ఆ రాష్ట్రంలో చమురు వెల్లువ మొదలైంది.

కరెంటును డబ్బాలో పోయగలమా? తీగ ఉండాలి. తీగ ఎక్కడుంది? నగరం నడిబొడ్డున. అది కూడా ఎలాంటి కరెంటు? బ్యాటరీకి డీసీ కావాలి, అంటే ఒకే దిక్కున పారే కరెంటు. ఎడిసన్ వేసిన పాత స్టేషన్లు డీసీవే, వాటి దగ్గర ఇబ్బంది లేదు. కానీ ఊరి శివార్లలో పెరుగుతున్న కొత్త లైన్లన్నీ ఏసీ, అంటే దిక్కు మారుతూ పారే కరెంటు. సొంతిల్లు, సొంత షెడ్డు ఉన్నవాళ్ళు ఉండేది ఆ శివార్లలోనే! వాళ్ళు ఛార్జింగ్ పెట్టుకోవాలంటే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు కావాలి. పీటర్ కూపర్ హెవిట్ 1902లో పాదరసం ఆవిరి రెక్టిఫయరు కనిపెట్టాడు. పెద్ద గాజు బుడ్డి, లోపల ఊదా రంగు వెలుగు. షెడ్డులో ఆ బుడ్డి వెలుగుతుంటే చూడ్డానికి భలే ఉంటుంది. కానీ అది కారు ధర మీద ఇంకో ఖర్చు.

ఇప్పుడు అసలు లెక్క వినండి. 1910 జనాభా లెక్కల ప్రకారం అమెరికన్లలో సగానికి పైగా పల్లెల్లోనే ఉన్నారు. 1935 వచ్చినా అక్కడి పది వ్యవసాయ ఇళ్ళలో తొమ్మిదింటికి కరెంటు లేదు. 1935! రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పూనుకుని లైన్లు వేస్తే గానీ వెలగలేదు. సామాన్యుడి కారు అంటే ఆ దేశంలో రైతు కారు అని అర్థం. రైతు ఇంట్లో బల్బే లేదు, కారుకు ఛార్జింగ్ ఎక్కడ పెడతాడు? బ్యాటరీ పదింతలు మంచిదైనా ఆ రైతు కొనేవాడు కాదు. కొనలేడు. అందుకే బ్యాటరీ సగం జవాబు అన్నాను.

ఆ రైతు దగ్గరికి వెళ్ళినవాడు ఫోర్డ్. 1908 అక్టోబరులో మోడల్ టి వచ్చింది. ధర 850 డాలర్లు. గుంతల్లో, బురదలో, రాళ్ళలో పోయేలా ఎత్తుగా కట్టాడు. ఇక్కడొక మాట. మంచి రోడ్లు వచ్చి జనం దూరాలు పోవడం మొదలుపెట్టారు, అందుకే కరెంటు కారు పోయిందని రాస్తుంటారు. 1904లో అమెరికా రోడ్లన్నీ కొలిస్తే నూటికి ఏడు మైళ్ళకే కంకరో ఇంకోటో పరిచి ఉంది. మిగతాదంతా మట్టి. రోడ్లకు కేంద్ర ప్రభుత్వం డబ్బు ఇచ్చే చట్టం 1916లో వచ్చింది. అప్పటికే మోడల్ టిలు లక్షల్లో అమ్ముడుపోయాయి. అంటే మంచి రోడ్లు వచ్చాక మోడల్ టి గెలవలేదు, చెడ్డ రోడ్ల మీదే గెలిచింది.

ధర చూద్దాం. 1914లో ఫోర్డ్ తన కార్ఖానాలో రోజు కూలి 5 డాలర్లు చేశాడు. ఆ ఏడు మోడల్ టి ధర ఐదు వందల డాలర్లు, అటూ ఇటూ. వంద రోజుల కూలి. అదే ఏడు డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కంపెనీ కారు రెండున్నర వేల డాలర్లకు పైన. అంటే ఐదు వందల రోజుల కూలి! అది కూడా మామూలు కూలి కాదు, దేశమంతా నోరు తెరిచి చూసిన కూలి. మోడల్ టి ఏటేటా చవకైంది. కరెంటు కారు ఏటేటా బరువెక్కింది. లోపల పట్టు సీట్లు, వంపు తిరిగిన అద్దాలు, పూలు పెట్టుకోవడానికి చిన్న గాజు గొట్టం. బ్యాటరీ కాస్త మెరుగైతే ఆ మెరుగంతా ఈ హంగులు మోయడానికే సరిపోయింది.

ఎందుకలా చేశారు? వాళ్ళు ఎంచుకున్న కొనుగోలుదార్లు వేరు కనక. పత్రికల్లో ప్రకటనలు చూస్తే తెలుస్తుంది, టోపీ పెట్టుకున్న సంపన్న ఇల్లాలు స్నేహితురాళ్ళతో టీ పార్టీకి వెళ్తున్న బొమ్మ. హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా ఏ కారు నడిపిందో తెలుసా? డెట్రాయిట్ ఎలక్ట్రిక్. మొగుడు దేశానికంతా పెట్రోలు కార్లు అమ్ముతున్నాడు, ఆవిడ కరెంటు కారులో హాయిగా తిరుగుతోంది! ఆవిడ ఎంపికలో తప్పు లేదు. కానీ కారుకు ఒకసారి ఆడవాళ్ళ కారు అని ముద్ర పడ్డాక మగవాళ్ళు దాన్ని కొంటారా? డబ్బు చేతిలో ఉన్నది వాళ్ళ దగ్గరే కదా ఆ రోజుల్లో. ఆ ముద్ర వేసింది పోటీదార్లు కాదు, సొంత ప్రకటనలే. చివర్లో ఇది గ్రహించి డెట్రాయిట్ ఎలక్ట్రిక్ వాళ్ళు పెట్రోలు కారులా కనిపించేట్టు ముందు ఉత్తుత్తి బానెట్ పెట్టారు. కింద ఇంజను లేదు, బ్యాటరీలే. పాపం అనిపిస్తుంది.

ఇక సెల్ఫ్ స్టార్టరు. ఇది అందరికీ తెలిసిన కథే. చార్లెస్ కెటరింగ్ తయారు చేసిన ఎలక్ట్రిక్ స్టార్టరు 1912 కాడిలాక్ కార్లలో వచ్చింది. ఇక హ్యాండిల్ తిప్పక్కర్లేదు. దీంతోనే కరెంటు కారు పని అయిపోయిందని పుస్తకాల్లో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆగండి. మోడల్ టికి స్టార్టరు ఎప్పుడొచ్చింది? 1919లో. అప్పటిదాకా లక్షలమంది రైతులు హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నారు, తిడుతూనే ఉన్నారు, కొంటూనే ఉన్నారు. కాబట్టి సామాన్యుడి విషయంలో స్టార్టరు ఏదీ తేల్చలేదు. తేల్చింది ఎక్కడంటే, పైమెట్టు మీద. కాడిలాక్ కొనే ఇల్లూ డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కొనే ఇల్లూ ఒకటే. ఆ ఇంటి ఇల్లాలికి ఇప్పుడు మీట నొక్కితే కదిలే పెట్రోలు కారు దొరికింది. కింద రైతును ఫోర్డ్ ముందే తీసుకుపోయాడు, పైన ఇల్లాలిని కాడిలాక్ తీసుకుపోయింది. మధ్యలో ఎవరు మిగిలారు?

ఇంకా చిత్రం ఏమిటంటే, తీసుకుపోయింది ఏ సాయంతో? ఓ చిన్న బ్యాటరీ, ఓ చిన్న మోటారు. రావణుడి కొలువు వదిలి విభీషణుడు రాముడి పక్షాన చేరినట్టు కరెంటు మోటారు వెళ్ళి పెట్రోలు పక్షాన చేరింది. కరెంటు కారుకున్న సుఖాన్ని చిన్న ముక్క తీసి పెట్రోలు కారులో బిగిస్తే సరిపోయింది. పెట్రోలు కారుకున్న దూరాన్ని ముక్క తీసి కరెంటు కారులో బిగించడం ఎవరి వల్లా కాలేదు.

ఎడిసన్ సంగతి ఏమిటని అడుగుతారు. అడగాలి. ఆయన సీసం వదిలేసి నికెల్, ఇనుము వాడి బ్యాటరీ చేశాడు. 1903లో అమ్మకానికి తెచ్చాడు. కారిపోతోందని మరుసటేడే ఆపేశాడు. మళ్ళీ సరిచేసి తెచ్చేసరికి 1909, 10 అయింది. ఆ బ్యాటరీ మొండిది, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, కానీ ఖరీదు ఎక్కువ, చలికాలంలో నీరసిస్తుంది. దాని కన్నా దెబ్బ తీసింది ఆయన మాటలు. ఎడిసన్ అంతటివాడు అద్భుతమైన బ్యాటరీ వస్తోందని ఏళ్ళ తరబడి చెప్తుంటే, ఈ ఏడు సీసం బ్యాటరీ కారు ఎవడు కొంటాడండీ? వచ్చే ఏడు చూద్దాం అనుకుంటాడు. 1914 జనవరిలో ఫోర్డే స్వయంగా, ఎడిసన్‌తో కలిసి చవక కరెంటు కారు తెస్తానని పత్రికలకు చెప్పాడు. ఒకటి రెండు నమూనాలు కట్టారు. కారు రాలేదు.

మరి కరెంటు కంపెనీలు ఏం చేస్తున్నాయి? రాత్రిపూట ఛార్జింగ్ అంటే వాళ్ళకు బంగారం లాంటి లోడు. సాయంత్రం పీక్ అయ్యాక జనరేటర్లు ఖాళీగానే ఉంటాయి కదా. చాలా కంపెనీలు ఆలస్యంగా మేల్కొన్నాయి. బాగా చేసినది హార్ట్‌ఫర్డ్ ఎలక్ట్రిక్ లైట్ కంపెనీ. 1910ల్లో వాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. వ్యాపారి ట్రక్కును బ్యాటరీ లేకుండా కొనుక్కోవాలి. బ్యాటరీ కరెంటు కంపెనీ ఇస్తుంది, మారుస్తుంది, బాగుచేస్తుంది. నెలకు కొంత, తిరిగిన మైలుకు కొంత కట్టాలి. మారిస్, సాలమ్‌లు మొదలుపెట్టిన ఆలోచనే ఇది, ఈసారి షేర్ల గోల లేకుండా. బాగానే నడిచింది, 1924 దాకా నడిచింది. కానీ కార్లకు కాదు, ట్రక్కులకు. ఒక ఊళ్ళో. అదే కరెంటు కంపెనీలన్నీ 1905కే చేసి ఉంటే? రైతు అప్పుడు కూడా కొనేవాడు కాదు, తీగ లేదు కనక. నగరాల్లో మాత్రం కథ వేరేగా ఉండేదని నా నమ్మకం. నిరూపించలేను.

ఆఖరి అంకెలు చెప్పి ఆపేస్తాను. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ 1907 నుంచి 1939 దాకా బతికింది, కరెంటు కార్ల కంపెనీల్లో ఎక్కువ కాలం నిలిచింది అదే. ఆ ముప్పై రెండేళ్ళలో చేసిన కార్లు 13 వేల దాకా. మోడల్ టి పంతొమ్మిదేళ్ళలో ఒకటిన్నర కోటి. కరెంటు బండి పూర్తిగా చావలేదు లెండి. ఇంగ్లండులో తెల్లవారుజామున పాలు పోసే బండ్లు దశాబ్దాల పాటు సీసం బ్యాటరీల మీదే తిరిగాయి. అడుగడుక్కీ ఆగాలి, చప్పుడు కాకూడదు, సాయంత్రానికి డిపోకు రావాలి, డిపోలో చూసుకునే మనిషి ఉన్నాడు. అలాంటి పని దొరికిన చోట దాన్ని ఎవరూ కదపలేకపోయారు.

ఇక ప్రశ్నలు అడగండి. మైకు ముందు ఆ వెనకున్న అమ్మాయికి ఇవ్వండి, ఇందాకటి నుంచీ చెయ్యెత్తుతూనే ఉంది.